పదమూడో నెలలో పుట్టినవాళ్లు

అస్నకెచ్ ఒకచోట కుదురుగా కూర్చోగా నేను ఒకే ఒక్కసారి చూశాను. పంతొమ్మిదేళ్లుగా మా బడి ఆఫీసులో ఆమె రికార్డులు చూస్తోంది, నేను పక్క గదిలో లెక్కలు చెబుతున్నాను. కాఫీకి పిలిస్తే వస్తుంది. మొదటి కప్పు నిలబడే తాగుతుంది, రెండోది చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి పోతుంది, మూడోది పోసేసరికి మనిషి ఉండదు. మా దగ్గర మూడో కప్పు తాగకుండా లేవడమంటే ఇంటివాళ్ల మొహాన కొట్టినట్టే. దీవెనంతా అందులోనే ఉంటుందంటారు. "నా వాటా దీవెన కూడా మీరే తాగెయ్యండి మేష్టారూ" అంటూ గుమ్మం దాటేది. నాకు ఒళ్లు మండేది.

ఆ తిరుగుడంతా రిజిస్టర్ల కోసమే. ఏ పేరు ఏ వరుసలో ఉందో, ఎవరి తండ్రి పేరు కొట్టేసి దిద్దారో, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. పరీక్షకు వెళ్లే జాబితాలో ఒక్క పేరు కూడా తన చేతి మీదుగా జారిపోలేదని మా అందరికీ రోజుకోసారి వినిపించేది. నిజమే కాబట్టి భరించేవాళ్లం.

నాలుగేళ్ల కిందట మా దెస్సీ ఊరి బడికి ఎవరో వాడి వదిలేసిన ఆరు కంప్యూటర్లు వచ్చాయి. వాటితోపాటు వచ్చిన కుర్ర పంతులు రెండు నెలలు తిరక్కుండానే రాజధానిలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని సగంలో ఆగిపోయింది. "నేను నేర్చుకుంటాను" అంది అస్నకెచ్. అప్పటికామెకు నలభై నాలుగు.

"ఈ వయసులో ఓనమాలా?" అన్నాను నేను.

"పంతులు పారిపోతే బడి మూసేస్తారా మేష్టారూ?" అంది.

ఆ పంతులు వదిలేసిన నోట్సు ముందేసుకుని పీహెచ్‌పీ అనే ప్రోగ్రాం భాష మొదలుపెట్టింది. మొదటి వారం తను రాసిన పేజీని ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిచేది. పేజీకి బదులు తను రాసిన రాతే ఉన్నదున్నట్టు తెర మీద కనిపించేది. సర్వర్ అనేదాన్ని ముందు లేపాలని, ఫైలు దాని సంచిలో పెట్టి దాని ద్వారానే అడగాలని తెలిసేసరికి రెండు రోజులు పోయాయి. ఆ తర్వాత ముప్పై ఒకటో వరుసలో తప్పుందని అరుపులు. ఆ వరుసను వందసార్లు చదివినా తప్పు దొరకలేదు. చివరకు చూస్తే ముప్పయ్యో వరుస చివర సెమికోలన్ లేదు. "దొంగ ఒకడు, దెబ్బలు పక్కింటివాడికి" అని కుర్చీని ఒక్క తన్ను తన్నింది.

అన్నిటికన్నా పెద్ద గొడవ మా లిపితో వచ్చింది. పేర్లన్నీ అమ్హారిక్‌లో ఎక్కించి జాబితా తీస్తే, పేరున్న ప్రతిచోటా వరుసగా ప్రశ్నార్థకాలు. మా హెడ్మాస్టరు బెరిహున్ ఆ కాగితం పట్టుకుని, "ఏంటిది అస్నకెచ్, పిల్లలంతా ఏకమై మనల్ని ప్రశ్నిస్తున్నారా?" అన్నాడు. ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వలేదు. పేజీకి, పట్టికకు, రెంటినీ కలిపే దారికి, మూడింటికీ ఏ లిపో విడివిడిగా చెప్పాలని కనిపెట్టేదాకా కాలుకాలిన పిల్లిలా వరండా అంతా తిరిగింది.

ఈ తిప్పల్లోనే ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఏది పనిచేయకపోయినా మూడు గుమ్మాల దగ్గర ఆగి అడగాలి. ఫారంలో రాసింది బయల్దేరిందా? పీహెచ్‌పీకి అందిందా? డేటాబేసు దాచుకుందా? ఊహించకూడదు, అందినదాన్ని తెర మీద అచ్చువేసి కళ్లారా చూడాలి. మొదటి రెండు గుమ్మాల దగ్గర ఆమె పోలీసు కన్నా ఘోరం. మూడోదాని దగ్గర మాత్రం, "లోపలికి పోయాక ఇంకెక్కడికి పోతుంది?" అనేది. తెర మీద "చేరింది" అని పచ్చటి అక్షరాలు వస్తే చాలు, తర్వాతి పేరు అందుకునేది.

నిరుడు మొదటిసారి పన్నెండో తరగతి పరీక్ష జాబితా కంప్యూటర్ నుంచే వెళ్లింది. అందరూ మెచ్చుకున్నారు. ఇల్లలకగానే పండగ కాదని నేను గొణిగాను కానీ, ఏదో తెలిసి అన్నమాట కాదది. కుళ్లుతో అన్నది.

ఈ ఏడు జాబితాను పంపేముందు అస్నకెచ్ బడి గోడకు అంటించింది. శుక్రవారం సాయంత్రంలోగా జిల్లా విద్యా కార్యాలయానికి చేరాలి. ఆ తర్వాత ఒక్క పేరు కూడా చేర్చరు. గురువారం పొద్దున జెమ్‌జెమ్ అనే అమ్మాయి కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇతియే, గోడ మీద నా పేరు లేదు." ఇతియే అంటే అక్క. పిల్లలంతా ఆమెను అలాగే పిలుస్తారు.

"సరిగ్గా చూడు. తొందరపడితే సొంత పేరే కనపడదు."

"మూడుసార్లు చూశా."

"అయితే ఫారం ఇచ్చి ఉండవు."

"మీ చేతికే ఇచ్చా ఇతియే. రాత కోడి కెలికినట్టుందని తిట్టారు కూడా."

ఆ మాటకు అస్నకెచ్ చెయ్యి ఆగిపోయింది. తను తిట్టిన తిట్టు తనకు గుర్తే. కాగితం రిజిస్టరు తీసి వేలు పెట్టి లెక్కపెట్టింది. రెండువందల పద్నాలుగు. గోడ మీద రెండువందల పదకొండు. జెమ్‌జెమ్ కిటికీ ఊచలు పట్టుకుని వదల్లేదు. "నా పేరు వస్తుందిగా? వస్తుందిగా ఇతియే?" అని అడుగుతూనే ఉంది.

అస్నకెచ్ జాబితా పేజీని పక్కన పెట్టి, డేటాబేసునే నేరుగా జెమ్‌జెమ్ వరుస అడిగింది. పేరుంది. తండ్రి పేరుంది. పుట్టిన తేదీ ఉండాల్సినచోట సున్నాలు. జాబితా పుట్టిన సంవత్సరాల వారీగా తయారవుతుంది. ఏ సంవత్సరమూ లేని పిల్ల ఏ గుంపులోకీ రాలేదు.

"ఫారంలో ఏముంది?" అన్నాను ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ.

"పగుమే నాలుగు. పదమూడో నెల, నాలుగో రోజు. అలాగే కొట్టా."

కాసేపటికి నా వైపు తిరిగింది. "మేష్టారూ, ఈ డేటాబేసును చేసిన ఫరంజీలకు, ఆ పరదేశాలవాళ్లకు నెలలెన్ని?"

"పన్నెండు" అన్నాను. అనగానే సంగతి అర్థమైంది. మాకు ముప్పయ్యేసి రోజుల నెలలు పన్నెండు, చివర ఐదారు రోజుల పగుమే. కాగితం మీద ఎలా ఉందో అలాగే ఎక్కించింది మహాతల్లి. తేదీ అనగానే అది తన పంచాంగమే అనుకుంది. మాలో ఎవరున్నా అదే చేసేవాళ్లం. డేటాబేసు మాత్రం పదమూడో నెల ఏమిటని అడగలేదు, అరవలేదు. ఆ తేదీని గుటుక్కున మింగి, సున్నాలు పెట్టి, "చేరింది" అంది.

"మరి మన రెండో నెల ముప్పయ్యో రోజున పుట్టినవాళ్లు?" అంది, తగ్గిన మిగతా రెండు పేర్ల వరుసలు తెరిచి.

"వాళ్ల రెండో నెలకు ముప్పయ్యే లేదు" అన్నాను.

మధ్యాహ్నం తిండి మానేసి పట్టిక మార్చింది. ఒక్క తేదీ గడికి బదులు రోజు, నెల, సంవత్సరం మూడు మామూలు అంకెల గళ్లు. నెల పదమూడు దాటితే ఫారం దగ్గరే ఆపేసే కాపలా. తప్పు సరుకు వస్తే మింగకుండా గట్టిగా అరవమని డేటాబేసుకు ఆజ్ఞ. పాత తేదీల్లో కొన్ని సున్నాలైపోయాయి కదా, వాటిని మళ్లీ కాగితం నుంచే ఎక్కించాలి. ఆ కాగితాల బీరువా ఖాళీ చేయమని బెరిహున్ ఏడాదిగా పోరుతున్నాడు. ఆమె వినకపోవడం మా అదృష్టం. ఈసారి ప్రతి పేరునూ దాచాక వెనక్కి తెప్పించి చదివింది. రెండువందల పద్నాలుగు. జెమ్‌జెమ్ తెర మీద తన పేరు చూసుకుని, ఏడుస్తూ నవ్వుతూ పరుగెత్తింది.

"ఇక కాఫీ తాగుదాం పద" అన్నాను.

ఆమె కదల్లేదు. ఒక కాలు మాత్రం బల్ల కింద టకటకమని కొట్టుకుంటోంది. "నిరుడు కూడా ఇదే ప్రోగ్రాం కదా మేష్టారూ" అంది.

నిరుటి రిజిస్టరు తీసింది. కాగితం మీద నూటతొంభై ఎనిమిది, పంపిన జాబితాలో నూటతొంభై ఏడు. గిజావ్ అనే అబ్బాయి. పగుమే మూడు. పేరు చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వీడొచ్చాడు మేష్టారూ. హాల్ టికెట్లు పంచిన రోజు ఈ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఏ సంవత్సరం గుంపులోనూ నీ పేరు లేదు, కంప్యూటర్ అబద్ధమాడదు, నువ్వే తప్పు తేదీ ఇచ్చుంటావు, పో అన్నాను. వెళ్లిపోయాడు."

బెరిహున్‌కు చెబితే తల గోక్కున్నాడు. "ఈ ఏడు ప్రైవేటుగా రాయించొచ్చనుకో. రేపు సాయంత్రంలోగా వాడి సంతకం కావాలి. అయినా ఎవరూ అడక్కుండా మనమే ఎందుకు తవ్వుకోవడం?"

"అడిగాడు" అంది అస్నకెచ్. "నన్నే అడిగాడు."

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం కొండ పక్కనున్న వాళ్ల ఇంటికి వెళ్లాం. దారంతా ఆమె నాకన్నా పది అడుగులు ముందే. గిజావ్ ఇంటి ముందు కూర్చుని, వీధుల్లో పరిచే రాళ్లను ఉలితో చదరంగా కొడుతున్నాడు. ఆమెను చూసి కూడా సుత్తి ఆపలేదు.

"తప్పు నీది కాదు గిజావ్. నాదే" అంది, ముందుమాటలేవీ లేకుండా. పదమూడో నెల సంగతంతా చెప్పింది. సుత్తి దెబ్బలు నెమ్మదించి ఆగాయి.

"ఏడాది ఇతియే" అన్నాడు. "ఏడాది రాళ్లు కొట్టా. మా అమ్మే తారీఖు తప్పు చెప్పిందనుకున్నా. పగుమే మూడు, దేవదూత పండగ, వానలో పుట్టావని గొప్పగా చెప్పేది. గొప్ప కోసం అబద్ధమాడి నా బతుకు ముంచావని తిట్టా. ఆమె ముద్ద కలిపి నోటికందిస్తే మొహం తిప్పుకున్నా. అప్పట్నుంచీ తన చేతి ముద్ద తినలేదు."

గుమ్మంలో నిలబడి అంతా విన్న తల్లి అల్గనేష్ మమ్మల్ని లోపలికి రమ్మంది. కాఫీ గింజలు వేయించి, దంచి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది. "ఏడాది కిందటే రావాల్సింది నువ్వు" అంది చివరకు. అస్నకెచ్ తల వంచుకుంది. నాకు అక్కడ కూర్చోవడమే కష్టంగా ఉంది, ఆమెకెలా ఉందో మరి.

మొదటి కప్పు అయింది. రెండోదీ అయింది. ఫారం సాయంత్రంలోగా చేరాలి, బస్సు దొరకాలి. నేనే రెండుసార్లు లేవబోయాను. అస్నకెచ్ మాత్రం ముక్కాలిపీట మీద, మోకాళ్ల మీద ఫారం పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. అల్గనేష్ మూడో కప్పు పోసింది. తర్వాత ఇంజెరా రొట్టె తుంచి, కూర అద్ది, ముద్ద చేసి, కొడుకు వైపు చెయ్యి చాచింది. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. వాడు దాన్ని చూశాడు. నోరు తెరిచాడు.

అస్నకెచ్ మూడో కప్పు చివరి చుక్కదాకా తాగింది. "వీడు పుట్టింది ఏ రోజమ్మా?" అని అడిగింది, తెలిసి కూడా.

"పగుమే మూడు. వాన పడుతోంది."

ఆమె రాసింది. గిజావ్ సంతకం పెట్టాడు. అప్పుడా కాగితాన్ని మడవకుండా నా చేతికిచ్చింది.

"చదవండి మేష్టారూ" అంది. "నేను రాసిందే అందులో ఉందో లేదో, వీళ్లకు వినబడేలా చదవండి."