పక్కకు జరిగిన దవడలు

కరోనాకు ముందటి ఏడాది వానాకాలంలో, కరీంనగర్ శివారులోని ఒక ప్రైవేటు సాంకేతిక శిక్షణ కేంద్రంలో ఫిట్టర్ విభాగానికి కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. నాకు పైన ట్రైనింగ్ ఆఫీసరు, ఆయనకు పైన ప్రిన్సిపాల్. మెకానికల్ డిప్లొమా తర్వాత అదే నా మొదటి ఉద్యోగం. తర్వాత ఆ వృత్తి విడిచిపెట్టాను. వర్క్‌షాపులో అసలు ఏం పని ఉంటుందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఈ సంగతే చెబుతుంటాను.

చేరిన కొద్ది రోజులకే పాత సామాను వర్గీకరణ నాకు అప్పగించారు. తుక్కు అమ్మేముందు సాంకేతిక సిబ్బందిలో ఒకరు ప్రతి వస్తువునూ పరీక్షించి మూడు రకాలుగా విడదీయాలి: వాడదగినవి, మరమ్మతు చేస్తే వాడదగినవి, పనికిరానివి. మూడో రకం మీద పసుపు గీత పెడతారు. గీత పడ్డది తూకానికి పోతుంది. ఎందుకు పనికిరాదో ఒక్క వాక్యంలో రాసి సంతకం చేయాలి.

సామానంతా స్టోరు ముందు, లారీలు ఆగే ఎత్తయిన గట్టు మీద పరిచి ఉంది. స్టోర్‌కీపర్ సామేలుది ఖానాపూర్. అక్కడి క్రైస్తవ మిషన్ వాళ్ల వర్క్‌షాపు మూతపడ్డప్పుడు సామాను లారీలో వచ్చి, సామానుతో పాటు తానూ ఇక్కడే కుదురుకున్నానని నవ్వుతూ చెప్పేవాడు. ఆ సామానులోనే ఒక బెంచి వైసు ఉంది. బెంచి వైసు అంటే బల్లకు బిగించి, పని చేయాల్సిన ఇనుప ముక్కను రెండు దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచే సాధనం. మామూలు వైసుకు దవడలు నడిమిలో, వాటిని బిగించే మరకడ్డీకి, అంటే స్పిండిల్‌కు, సరిగ్గా పైన ఉంటాయి. దీనికి రెండూ కుడిపక్కకు జరిగి ఉన్నాయి.

"గది వైసు గాదు సారు" అన్నాడు సామేలు. "ఆఫ్‌సెట్ ప్రెస్సుది. పెండ్లి కార్డులు అదిమేటిది. ఖానాపూర్ల గూడ ప్రెస్సు రూములనే పడి ఉండె. మీద పేరు గూడ పోసిన్రు, చూడున్రి."

మట్టి గీకి సుద్దముక్క రుద్దితే ఇంగ్లీషులో ఆఫ్‌సెట్ అన్న అక్షరాలు తేలాయి. మన బజార్లలో ఆ మాటకు అచ్చు యంత్రమనే అర్థం. ఫోనులో వెతికితే నాకూ ముందు ప్రెస్సుల బొమ్మలే వచ్చాయి. ప్రెస్సు సామాను మనకెందుకు, గీత పెట్టేయండి అని ట్రైనింగ్ ఆఫీసరు చెప్పి వెళ్లారు. మధ్యాహ్నానికి తుక్కు లారీ రావలసి ఉంది.

అప్పుడే రాజేశం అనే మరమగ్గం నేతకారుడు సిరిసిల్ల నుంచి మగ్గం తాలూకు పొడవాటి ఇనుప ఇరుసును, అంటే షాఫ్టును, భుజాన వేసుకుని వచ్చాడు. దాని చివర నట్టు ఎక్కే మరచుట్లు, అంటే థ్రెడ్లు, నలిగిపోయాయి. పుల్లీ ఊడదీయడానికి నట్టు తీసేసి నేరుగా చివర మీదే కొట్టాడట.

"బట్ట నేసే చేతులకు సుత్తె ఎవలిచ్చిన్రయ్యా?" అన్నాడు సామేలు.

"నా కర్మ ఇచ్చిందన్నా. పుల్లీ రాలే, మర పోయింది. జర చూడున్రి సారు. స్కూలు యూనిఫారం బట్ట ఆర్డరు నడుస్తుంది. రేపటికి మగ్గం తిరగకుంటే సేటు నా బీములు వేరేటోళ్లకు ఇస్తనన్నడు."

బీము అంటే సేటు నేతకిచ్చే, నూలు చుట్టిన పెద్ద రోలరు. అది చేతిలో లేకపోతే మగ్గం ఉండీ పనిలేదు. కొత్త షాఫ్టు మహారాష్ట్రలోని భివండి నుంచి రావాలి. ఊళ్లోని లేత్ షాపుల్లో చూపించాడు. షాఫ్టు లేత్ కన్నా పొడుగు, లేత్ తిరిగే తలలోని (హెడ్‌స్టాక్) రంధ్రంలో దూరదు; అక్కడ కుదరకే ఇక్కడికి తెచ్చాడు. చేత్తో డై తిప్పి చుట్లను సరిచేయడమొక్కటే మార్గం. డై అంటే లోపల పదునైన చుట్లున్న ఉక్కు బిళ్ల. దాన్ని చివర మీద పెట్టి రెండు చేతుల పిడితో తిప్పాలి. ఏ మాత్రం వాలినా కొత్త చుట్టు పాతదాన్ని అడ్డంగా కోసేస్తుంది, షాఫ్టు పూర్తిగా పోతుంది. అందుకే షాఫ్టు నిట్టనిలువుగా నిలబడాలి.

మా బల్ల మీది మామూలు వైసులో నిలువుగా పెట్టి చూశాం. నడిమిలో పెడితే కింద స్పిండిల్ దిమ్మ అడ్డొచ్చింది. దవడల అంచున పట్టిస్తే కదిలే దవడ ఓరగా తిరిగింది. రెండో అంచున అంతే మందం ముక్క ఇరికించాను. అప్పుడు పట్టు వచ్చింది గానీ షాఫ్టు కింది కొస నేలకు తగిలింది. రాజేశం షాఫ్టును మళ్లీ భుజాన ఎత్తుకోబోయాడు.

"పోతవా?" అన్నాడు సామేలు.

"పోక? గీడ కూసుంటే మర మొలుస్తదా?"

షాఫ్టు ఎక్కడ అడ్డుతగులుతోందో చూశాక గట్టు మీది ఆ వస్తువు దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి పేరు సంగతి పక్కనపెట్టి ఆకారం చూశాను. అది పోత ఇనుము. పోత ఇనుము దెబ్బ తింటే విరుగుతుంది, ఇంత వంపు తిరగదు. పైగా రెండు దవడలూ ఒకే కొలతలో పక్కకు జరిగాయి, మూస్తే వెలుతురు దూరనంతగా కలిశాయి. అంటే అలాగే పోశారు. కదిలే దిమ్మ మామూలు వైసు కన్నా చాలా లావు. పక్కన పడే బరువును ఓర్చుకోవడానికన్నమాట. అడుగు పలక మూడు వైపులా చెవుల్లా బయటికి ఉంది. దవడలు జరిగిన నాలుగో వైపు మాత్రం గీత గీసినట్టు కోసి ఉంది. ఆ వైపు బల్ల అంచుతో సమంగా కూర్చోవాలి. అప్పుడు దవడలు బల్ల దాటి గాలిలో నిలుస్తాయి, పట్టిన వస్తువు కిందికి ఎంత పొడుగైనా దిగుతుంది. ఆఫ్‌సెట్ అంటే ఇక్కడ నడిమి నుంచి పక్కకు జరిపినదని అర్థం.

"అన్నా, ఇది ప్రెస్సుది కాదు, వైసే" అన్నాను. "పొడుగు వస్తువును నిలువుగా పట్టడానికే చేసింది."

సామేలు చుట్టూ తిరిగి చూసి, "గట్లయితే ఇన్నొద్దులు గీన్ని కాగితాలు తినుమన్నం" అని నవ్వి, పానాలు తేవడానికి వెళ్లాడు.

ఒక బరువైన బల్లను గట్టు అంచుకు జరిపి, దాని కుడి మూలన వైసును బోల్టులతో బిగించాం. బల్ల ఎత్తుకు గట్టు ఎత్తు తోడయింది. దవడల మధ్య రాగిరేకులు పెట్టి షాఫ్టును దించితే కింది కొస నేలకు తగలకుండా వేలాడింది. లెవెల్ పెట్టి నిట్టనిలువుగా ఉందని చూసుకున్నాను. ముందు ఆకురాయితో చివర ఉబ్బిన అంచును ఏటవాలుగా అరగదీశాను. నూనె పోసి డై పెట్టాను. కొంచెం ముందుకు తిప్పితే కాస్త వెనక్కి తిప్పాలి, లేకుంటే రజను ఇరుక్కుని చుట్లను చీలుస్తుంది.

లారీ వచ్చింది. హమాలీలు మిగతా సామాను ఎత్తసాగారు. ఒకతను బల్ల దగ్గరికి వచ్చి, ఇది కూడానా అని అడిగాడు.

"దాని మీద గీత లేదు" అన్నాను.

"గీత గీసేటోళ్ల చేతులు ఖాళీ లెవ్వు, నువ్వు పో" అన్నాడు సామేలు.

డై తీసి, నట్టు రాజేశం చేతికిచ్చాను. మొదటి చుట్టు దగ్గర కొంచెం పట్టింది. అతను నా మొహం చూశాడు. వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించమన్నాను. ఈసారి వేళ్లతోనే చివరిదాకా పోయింది. అతను దాన్ని తీసి ఇంకోసారి ఎక్కించి చూసుకున్నాడు.

"బస్సు దొరుకుతదా సారు గిప్పుడు?" అని మాత్రం అడిగాడు. మర్నాడు ఫోన్ చేశాడు. మాట సరిగా వినిపించలేదు, వెనక మగ్గం చప్పుడు.

ఆ సాయంత్రం ట్రైనింగ్ ఆఫీసరు, గీత ఎందుకు పెట్టలేదో కారణం రాసివ్వమన్నారు. 'పొడవైన వస్తువులను నిలువుగా పట్టే వైసు. బల్ల మూలన బిగించాలి' అని రాసి వాడదగినవాటిలో చేర్చాను. నేనున్నంతకాలం దాని అవసరం అరుదుగానే పడింది. మిగతా రోజుల్లో మూల తిరిగేవాళ్ల మోచేతులకు తగిలేది.

ఆ రోజు నేర్చుకున్నది ఒక పద్ధతి. తెలియని పరికరం చేతికొస్తే దాని మీద ఏం రాసి ఉందన్నది, ఎవరు ఏమంటున్నారన్నది చివర చూడాలి. ముందు దాన్ని దేనికి, ఏ వైపున బిగిస్తారో చూడాలి; తర్వాత బరువు ఎటు పడుతుందో, పని ఎటు దిగుతుందో చూడాలి. ఇవి తేలేదాకా పనికిరాదని సంతకం చేయకూడదు.