రేకుల గదిలో దయ

మా పెద్దమ్మాయి రాజేశ్వరి డెలానీపూర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. దానికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. నెమ్మదిగా మెట్లెక్కగలదు గాని, వేడి తగిలితే కాళ్లు మాట వినవు, చూపు మసకబారుతుంది. ఈ సంగతి తన సాబ్‌కు చెప్పుకుంది కూడా.

ఆయన విన్నది కాళ్ల మాట ఒక్కటే. "మెట్లెక్కే బాధ ఎందుకు" అని, పైన ఏసీ గదిలో ఉన్న దాని బల్లను కింద రేకుల షెడ్డులోకి దింపించాడు. తన మంచితనానికి తనే మురిసిపోయి అందరికీ సమోసాలు పంచాడు. ఇలాంటి సాబులను నా చిన్నతనం నుంచీ చూస్తున్నాను.

మొన్న ఏప్రిల్‌లో మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళ్లేసరికి అమ్మాయి నేలమీద కూలబడి ఉంది. సాబ్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పొద్దున బాగానే నడిచిందిగా అంకుల్. ఇలాగైతే అన్‌ఫిట్ అని రాసేస్తాం. ఘర్ మే ఆరామ్ కరేగీ, ఇంట్లో హాయిగా ఉంటుంది."

నేను తువ్వాలు తడిపి దాని మెడకు చుట్టి, ఖాళీ కుర్చీ చూపించాను.

"బైఠియే సాబ్. ఇది లేచేదాకా కూర్చోండి, చాలు."

"నాన్నా, ఊరుకో" అంది అమ్మాయి.

సాబ్ కూర్చున్నాడు. కాసేపటికే చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మొహం తుడుచుకుంటూ లేచి, "ఇక్కడ మనిషన్నవాడు ఎలా పనిచేస్తాడు?" అన్నాడు.

"మా అమ్మాయి మీకు చెప్పింది అదే" అన్నాను.

మర్నాడు బల్ల పైకి వెళ్లింది. అమ్మాయి మెట్ల మధ్య ఆగి ఆగి ఎక్కుతోంది, ఉద్యోగం చేసుకుంటోంది. అది కూడా తన దయేనని సాబ్ చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ. తన చొక్కా తడిస్తే గాని ఎదుటివారి మాట చెవికెక్కని మనిషి, అంతకన్నా ఏం చెప్పుకోగలడు?