పుళ్ళ దాటాక బుస్సుమన్న క్యాను

ఆ రోజుల్లో శుభ్రమంటే నాకు ఫినాయిలు వాసనే. డిగ్రీ పూర్తికాగానే, ఇంట్లో పోట్లాడి మరీ, భీమడోలు దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో సహాయకురాలిగా చేరాను. (చేరిన తేదీ, వారం కూడా చెప్పగలను, మీకు విసుగని మానేస్తున్నాను.) అక్కడ నాలుగు గేదెలు, వాటి పేడతో నడిచే గోబర్ గ్యాసు గొయ్యి ఉండేవి. కొట్టం కడిగిన నీళ్ళు కూడా ఆ గొయ్యిలోకే పోయేవి. అది పట్టించుకోకుండా, రెండు పూటలా ఫినాయిలు కుమ్మరించి కొట్టం కడిగించాను. కొలత ప్రకారమేనండోయ్, కాకపోతే ఆ కొలత నేను పెట్టింది. కొద్ది రోజులకే వంటింట్లో పొయ్యి ఆరిపోయింది.

"గేదెలు పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయండీ అమ్మాయిగారూ, పొయ్యే పోయిందండీ" అంది వంటావిడ. మేము పెద్దమ్మగారని పిలిచే వార్డెను నన్ను గొయ్యి దగ్గరకు తీసుకెళ్ళారు. "ఇందులో కంటికి కనపడని జీవాలుంటాయమ్మా. గ్యాసు చేసేది అవే. నువ్వు వాటినీ కడిగేశావు. నెలాఖరుకి ఆఫీసరుగారు ఈ పొయ్యి చూడ్డానికే వస్తున్నారు. వెలిగితే నువ్వుంటావు" అన్నారు. 

పాలు తోడుకోకపోతే పక్కింట్లో కాస్త పెరుగు అడిగి తెచ్చుకోమూ? తాడేపల్లిగూడెంలో మా మావయ్యకీ గోబర్ గ్యాసు ఉంది. వెళ్ళి, గొయ్యిలోని బురద కావాలన్నాను. మావయ్య అత్తయ్య వంక చూశాడు. "చదువుకున్న పిల్ల కదండీ, ఇచ్చెయ్యండి" అంది అత్తయ్య. పాలక్యాను నిండా పోయించుకుని, చుక్క ఒలకకూడదని మూతకి గుడ్డ చుట్టి, బిగించి, తాడు కట్టి పాసింజరెక్కాను.

ఎదురుగా కొల్లేరు చేపలు అమ్ముకుని తిరిగెళ్తూ, ఖాళీ బుట్టతో ఒకావిడ కూర్చుంది. "పాలాండీ?" అంది. "తోడు" అన్నాను (అబద్ధం కాదు). పుళ్ళ స్టేషను దాటగానే క్యాను బుస్సుమంది. గుడ్డ సందుల్లోంచి ఆ వాసన బయల్దేరింది. బెంచీ మీదున్న వాళ్ళంతా లేచారు. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. గ్యాసు వస్తోందంటే లోపలివి పని చేస్తున్నట్టే కదా! "బతికే ఉన్నాయి!" అని అరిచేశాను.

"ఏంటండీ, పాములా?" అని ఒకాయన కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. చేపలావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇన్నాళ్ళూ నా బుట్టనే తిట్టారు కదండీ, ఇప్పుడు చెప్పండి!" అని అందరి వంకా గర్వంగా చూసింది.

గొయ్యి సగానికి పైగా తోడించి, మంచినీళ్ళూ కొత్త పేడా వేయించి, క్యాను అందులో కుమ్మరించాను. ఇక రోజూ పొద్దున్నే అగ్గిపుల్ల గీయడం, చెయ్యి కాల్చుకోవడం. ఆఫీసరుగారు వచ్చే ముందురోజు కూడా గీశాను. ఈసారి చిన్న నీలిమంట, కొత్తకోడలిలా జంకుతూ లేచి నిలబడింది. నేను వంటింటి గట్టు మీద కూలబడి ఏడ్చాను. "మంట వస్తే ఏడుస్తారేంటండీ!" అని వంటావిడ దాని మీద టీ పెట్టింది. మర్నాడు ఆఫీసరుగారికీ అక్కడే టీ కాచాము.

మొన్న ఏలూరులో మైక్రోబయాలజీ చదువుతున్న మా మనవరాలు చెప్పింది, గ్యాసు చేసే ఆ జీవాలు బాక్టీరియా కూడా కావట, ఆర్కియా అనే వేరే జాతట. వాటి బంధువులు మరిగే ఊటల్లో, ఉప్పు మడుల్లో కాపురం చేస్తాయట. అలాంటివి నా ఫినాయిలుకి ఓడిపోయాయి! "గాలి తగిలితే ఇవి బతకవు అమ్మమ్మా. నువ్వు మూత అంత బిగించబట్టే బతికాయి" అంది.

ఇన్నేళ్ళూ, ఒకప్పుడు నేనే అయిన ఆ పిల్ల అతిశుభ్రాన్ని తిట్టుకుంటూ వచ్చాను. పొయ్యిని చంపింది అదే. క్యానుని కాపాడిందీ అదే. ఈ మధ్య ఫినాయిలు సీసా తీసినప్పుడల్లా, ఖాళీ అయిన బెంచీ మీద బురద క్యానుని వాటేసుకుని, ఒక్కతే నవ్వుకుంటున్న ఆ పిల్ల గుర్తొస్తోంది. సీసా మూత మళ్ళీ బిగించేస్తున్నాను.