హైదరాబాద్ వాళ్లు అడిగిన పేరు

పదేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. ఒక ముక్క ఫోన్లో చెప్పాను, ఇంకో ముక్క ఎదురుగా నిలబడి చెప్పాను. నా భార్యకు కూడా తెలియదు. ఆమె తిడుతుందని భయమా? కాదు. "ఇంతేనా" అంటుందేమోనని భయం. అలా అంటే నేను హాయిగా ఊపిరి పీల్చుకుంటాను. ఆ హాయి నాకు దక్కకూడదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పుడు హన్మకొండలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో గణితం చెప్పేవాణ్ని. ఐఐటీ సెక్షనుకు ఇన్‌ఛార్జిని. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఫస్టియర్ అయిపోగానే హైదరాబాద్ మెయిన్ క్యాంపస్ వాళ్లు ఒక పరీక్ష పెట్టి, జిల్లా బ్రాంచీల నుంచి బాగా చదివే పిల్లల్ని ఏరుకునేవాళ్లు. కాలేజీకి వచ్చే ఐఐటీ సీట్లు చాలావరకు ఆ బ్యాచ్‌కే వచ్చేవి. ఆ పరీక్ష మార్కులు పిల్లలకు చెప్పరు. అక్కడి డీన్ మా బ్రాంచి ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి పేర్లు చదువుతాడు. ఇన్‌ఛార్జి తల్లిదండ్రులతో మాట్లాడి పంపిస్తాడు. పంపాక ఆ పిల్ల మాది కాదు. ర్యాంకు వస్తే ఫ్లెక్సీ మీద పక్కన ఉండేది అక్కడి సార్ల ఫొటోలే. స్టాఫ్ రూములో మేము ఆ డీన్‌కు "పిల్లల్ని ఎత్తుకపోయేటోడు" అని పేరు పెట్టుకున్నాం.

ఆ ఏడు ఆయన చదివిన మొదటి పేరు రజితది.

రజితది నెక్కొండ దగ్గర పల్లె. తండ్రి కొమురయ్య మిర్చి రైతు. లెక్కను నేను బోర్డు మీద ఒక దారిలో చేస్తే ఆ పిల్ల ఇంకో దారిలో చేసి, తప్పు చేసినదానిలా లేచి నిలబడి చూపించేది. అలాంటి పిల్ల ఒక లెక్చరర్‌కు ఎన్నేళ్లకోసారి దొరుకుతుంది? నాకు మళ్లీ దొరకలేదు. ఆమెను హైదరాబాద్ ఎందుకు తీసుకుపోవాలి? ఆ ర్యాంకు నా సెక్షన్లో రావాలి, చౌరస్తాలో ఆమె పక్కన నా ఫొటో ఉండాలి. ఆ రోజు ఇంత స్పష్టంగా అనుకోలేదు. ఆ పిల్ల నా చేతి కింద ఉంటేనే బాగుపడుతుంది అనుకున్నాను. మనసు ఎంత శుభ్రమైన మాటలు వెతుక్కుంటుందో అప్పుడు తెలియదు.

"వాళ్లింట్లో ఒప్పుకోవట్లేదు సార్, ఆడపిల్లను అంత దూరం పంపించం అంటున్నారు" అని డీన్‌తో చెప్పాను. ఆయన ఇంకో పేరు అడిగాడు. ఇచ్చాను.

ఆ ఆదివారం ఔటింగ్. హాస్టల్ ముందు రేకుల షెడ్డు కింద తల్లిదండ్రులు దుప్పట్లు పరుచుకుని, టిఫిన్ డబ్బాలు విప్పి పిల్లలకు తినిపిస్తున్నారు. కొమురయ్య నన్ను చూసి చేయి కడుక్కుని లేచాడు.

"సారూ, హైదరాబాద్ పేర్లు అచ్చినయట గదా. మా బిడ్డది అచ్చిందా?"

"రాలేదన్నా. గట్టిగనే అడిగిన. ఫిజిక్స్‌ల జర తక్కువున్నదన్నరు."

ఎందుకు ఫిజిక్స్ అన్నాను? గణితం అంటే తప్పు నా మీదికి వస్తుంది. కెమిస్ట్రీ అన్నా సరిపోయేది. నోటికి అదే వచ్చింది.

"ఫిజిక్స్‌లనా?" కొమురయ్య కూతురి వైపు తిరిగాడు. "మోటరు ఎందుకు కాలిందో మెకానిక్ కన్న ముందుగాల చెప్తివి గదనే. గదంత ఉత్తదేనా?"

రజిత నవ్వలేదు. "ఏ చాప్టర్ల పోయినయి సార్?"

"మెకానిక్స్‌ల" అన్నాను.

ఆమె తల ఊపింది. కొమురయ్య నా మొహం చూసి, నేనే బాధపడుతున్నానని అనుకున్నాడు. "పోనీ తియ్యుండ్రి సారూ. ఆడికైతె నేనచ్చేసరికి పొద్దుగూకు. ఈడికైతె కూర సల్లారకముందే అస్త. మీరున్నరు, నాకేం ఫికర్?" అని కోడికూర డబ్బా నా ముందుకు జరిపాడు. తిన్నాను.

ఆ తర్వాత ఏడాదంతా ఆ పిల్ల ఫిజిక్స్ చదివింది. స్టడీ అవర్లో ఎప్పుడు చూసినా అదే పుస్తకం. లెక్కలు వదిలేస్తున్నావేంటి అని ఒకసారి అడిగితే, "మ్యాథ్స్ మీరు చెప్తె అస్తది గద సార్" అంది. అక్కడ ఆపి ఉండవచ్చు. నీకు ఫిజిక్స్ బాగానే వచ్చు అనే ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే, మరి హైదరాబాద్ వాళ్లు అలా ఎందుకన్నారని అడుగుతుంది. అడిగితే నా దగ్గర ఏముంది? అందుకని, ఇంత తెలివైన పిల్ల గణితంలో ఎక్కడ జారిపోతుందిలే అని నాకు నేనే చెప్పుకుంటూ, ఆమె జారిపోతున్న పేపర్లను వారం వారం నా చేతులతోనే దిద్దాను.

ఐఐటీ ఎంట్రన్స్‌లో ఫిజిక్స్ మార్కులు బ్రాంచి మొత్తానికి ఆమెకే ఎక్కువ. పోయింది గణితంలోనే. ర్యాంకు వచ్చింది, సీటు వచ్చేంత కాదు. ఆమె బదులు హైదరాబాద్ వెళ్లిన అబ్బాయికి సీటు వచ్చింది. ఆమె ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. ఏ ఫొటో పక్కనా నా ఫొటో పడలేదు.

హైదరాబాద్ వెళ్తే సీటు వచ్చేదా? తెలియదు. ఎవరూ చెప్పలేరు. ఇన్నేళ్లూ ఆ తెలియకపోవడం వెనకే దాక్కున్నాను. కానీ అవకాశం అంటే ఖాయంగా వచ్చేదని కాదు కదా. రాకపోయినా అది ఆమెది. దాన్ని చేతికి అందకుండా చేసింది నేను.

పోయిన ఏడు కాలేజీ మారాను. కొత్త చోట స్టాఫ్ రూములోకి వెళ్తే రజిత లేచి నిలబడింది. ఇంజనీరింగ్ అయ్యాక ఫిజిక్స్ లెక్చరర్ అయిందట. నా చేతిలోని బ్యాగు తనే అందుకుని అందరికీ పరిచయం చేసింది.

"గీ సారే నాకు మ్యాథ్స్ చెప్పింది. ఫిజిక్స్‌ల నువ్వు తక్కువున్నవని మొహం మీదనే చెప్పిండు. గప్పుడు గట్ల చెప్పకపోతె నేను ఇయ్యాల గీడ ఉండకపోదును."

"అయితె మా పిల్లలు మీ ఫిజిక్స్‌తోని పడుతున్న గోసకంత గీ సారే కారణమన్నట్టు" అన్నాడు కెమిస్ట్రీ సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాయ్ తెప్పించారు, తాగాను.

ఇప్పుడు రోజూ ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుంటాం. తమ బిడ్డకు సీటు వస్తుందా అని ఎవరైనా తండ్రి అడిగితే, ఆమె ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అలా చెప్పడం నా దగ్గర నేర్చుకున్నానని అనుకుంటోంది. నేను తల దించుకుని పేపర్లు దిద్దుకుంటాను. ఆమెతో ఎన్నడైనా చెబుతానా? ధైర్యం ఉందని మాటివ్వను. నా మాటకు విలువ ఎంతో మీరు చూశారు.

ఇక్కడ మాత్రం రాస్తున్నాను. రజితా, నువ్వు ఫిజిక్స్‌లో ఎప్పుడూ తక్కువ కాదు. హైదరాబాద్ వాళ్లు నిన్ను అడిగారు. అందరికంటే ముందు నీ పేరే అడిగారు.

రాశాక ఛాతీలో ఏదో కాస్త సడలినట్టుంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.