నలిపిన ఆకు

అరవైల చివర తెనాలి కాలేజీలో నాతోపాటు వృక్షశాస్త్రం చెప్పిన రేపల్లె మాస్టారు, ఏ మొక్క చేతికిచ్చినా ముందు ఒక ఆకు నలిపి వాసన చూసేవాడు. ఆ తర్వాతే నోరు విప్పేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

గంజాయి పాఠం నేను నోట్సు చూసి చెప్పేవాణ్ణి. ఆయన రోజూ రేపల్లె నుంచి రైల్లో బైరాగుల పక్కన కూర్చుని వచ్చి, వాళ్ల మాటల్లోనే చెప్పేవాడు. ఆకు అయితే భంగు, ఆడమొక్క పూత అయితే గంజాయి, దాని జిగురు చరస్. పూర్వం ఆ నారతో ఓడలకు తాళ్లు పేనేవారు, ఆకును వైద్యులు మందుల్లో కలిపేవారు. నా క్లాసు పిల్లలు కూడా ఆయన కిటికీ దగ్గర నిలబడి వినేవాళ్లు.

ఒక ఏడాది పంతం పట్టి నేను మొక్కనే తెచ్చాను. సంగం జాగర్లమూడి కాలవగట్టున నిలువెత్తు పెరిగినదాన్ని పీకి, బల్లమీద పెట్టి, ఇదే గంజాయి అన్నాను. అటుగా పోతున్న మాస్టారు లోపలికొచ్చి, ఆకు నలిపి వాసన చూశాడు.

"ఇది గోంగూరండి," అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు. తర్వాత పిల్లలవైపు తిరిగి, "చీలికలాకు చూసి మీరు మోసపోతారేమోనని మీ మాస్టారు కావాలనే గోంగూర తెచ్చారు. పోలిక ఎంతుందో చూడండి," అన్నాడు.

పిల్లలు నాకు చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

ఇప్పటికీ ఇంటికి గోంగూర కట్ట వస్తే ముందు ఒక ఆకు నలిపి వాసన చూస్తాను. ఈ అలవాటు ఎవరిదని మా ఆవిడ అడిగితే, నాదేనంటాను.