ఏ పనైనా చేస్త

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో ఉండగా, మా బాపు కోసం ఒక దరఖాస్తు రాశాను. ఇప్పుడు మా వాడకట్టు పిల్లలు ఫోను పట్టుకొచ్చి, "తాతా, పని కోసం షాపాయనకు మెయిల్ రాయాలె, జర సూడు" అంటుంటారు. రిటైరైన పంతులును కదా, కాదనలేను. కానీ రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ మొదటి దరఖాస్తే గుర్తొస్తుంది. అంత చెడ్డ ఉత్తరం నేను మళ్ళీ రాయలేదు.

మాది బోధన్ దగ్గరి చెరుకు ఊరు. బాపు గానుగ దగ్గర బెల్లం వండేవాడు. కాగుతున్న పాకం చుక్కను చల్లటి నీళ్ళ ముంతలో వేసి, రెండు వేళ్ళతో ఉండ చేసి చూసి, "ఇంక రెండు పొంగులు రానీ" అనేవాడు. ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు. రైతులంతా చెరుకును ఫ్యాక్టరీకే తోలడం మొదలుపెట్టాక గానుగ ఆగిపోయింది. ఆ చలికాలమంతా బాపు పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, పోవడానికి చోటు లేక అరుగు మీద కూర్చునేవాడు. ఇంట్లో ఒక్క పూటే పొయ్యి వెలిగేది. అమ్మ పొద్దుపోయేదాకా బీడీలు చుట్టేది.

నిజామాబాద్‌లో పల్లీపట్టీలు చేసే చిన్న కార్ఖానా ఉందని, ఆ సేటుకు మనిషి కావాలని ఎవరో చెప్పారు. "మంచిగ రాయి కొడుకా" అన్నాడు బాపు. బడిలో నాకు నేర్పింది సెలవు చీటీ ఒక్కటే. అందులో జ్వరం ఉండే చోట మా కష్టాలు పెట్టాను. గానుగ మూతపడింది, అమ్మకు దగ్గు, చెల్లె చిన్నది. చివర ఏం రాయమంటావని అడిగితే, బాపు "ఏ పనైనా చేస్త అని రాయి" అన్నాడు. నాకా మాట ఎంతో మర్యాదగా అనిపించింది. దాని కింద గీత కూడా గీశాను.

సేటు మంచివాడే. కాయితం పట్టుకుని వెళ్ళిన బాపునూ నన్నూ కూర్చోబెట్టి, దాన్ని రెండుసార్లు చదివాడు. లోపల పెద్ద కడాయిలో బెల్లం పాకం ఉడుకుతోంది.

"కష్టం సమజైంది గని, నీకేం పని వస్తది?" అని అడిగాడు.

"ఏ పనైనా చేస్త సేటూ."

"గట్ల చెప్పెటోళ్ళు రోజూ వస్తరు. ఏ పనైనా అంటె ఏ పనీ రాదన్నట్టే ఇనవడ్తది నాకు. నీకు వచ్చిన పని ఒక్కటి చెప్పు."

బాపు తువ్వాల నలుపుతూ నేల చూపులు చూశాడు. బెల్లం వండడం ఆయనకు పనిలాగే తోచలేదేమో. నాకు నడవడం వచ్చు అని ఎవరైనా చెప్పుకుంటారా? సేటు ఓపిక పట్టాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆఖరికి నిట్టూర్చి, నా చేతిలో ఒక పట్టీల పొట్లం పెట్టి, కాయితం బాపుకు తిరిగి ఇచ్చేశాడు.

బయటికొచ్చి నాలుగడుగులు వేశామో లేదో, బాపు ఆగి వాసన పీల్చాడు.

"పాకం ముదురుతుంది. జల్ది దించకుంటె చేదెక్కుతది."

"పోయి చెప్పు బాపూ."

"మనల్ని అడిగిండ్రా?"

అడిగారు. సేటు లోపల అడిగింది సరిగ్గా అదే. అది బాపుకు తట్టలేదు. నాకు అక్కడే, ఆ రోడ్డు మీదే తట్టింది. కానీ పెద్దవాళ్ళ మధ్య మాట్లాడితే వీపు పగిలే కాలం. బస్సెక్కి ఇంటికొచ్చేశాం.

తర్వాత బాపు నవీపేట్‌లో మూటలు మోశాడు, ఇటుకలు మోశాడు, బావుల్లో పూడిక తీశాడు. ఏ పనైనా చేస్తానన్న మాట నిలబెట్టుకున్నాడు. నడుము పోయి మంచం పట్టేదాకా ఒక్కరు కూడా ఆయన్ని పాకం చూడమని పిలవలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఏడుపొస్తుంది, కోపమూ వస్తుంది. ఎవరి మీద అంటే ఏం చెప్పను.

మొన్న పక్కింటి అమ్మాయి మెయిల్ చూడమని వచ్చింది. కంఠేశ్వర్‌లో బట్టలు కుట్టే చిన్న దుకాణం నడిపే ఆవిడకు రాసుకుంది. "ఏ పని ఇచ్చినా చేస్తాను మేడం" అని ఉంది. తుడిచేయమన్నాను. మరి నీకేం వచ్చమ్మా అంటే తల దించుకుంది. అది నాకు తెలిసిన తల దించుకోవడమే. గడప దగ్గర నిలబడ్డ వాళ్ళమ్మ ఊరుకోలేదు. "దానికి జాకిట్ మెడలు కుట్టుడు మంచిగ వస్తది సారూ. ఒక్క ముడత వడనియ్యది" అంది. ఆ మాటే మెయిల్లో మొదటి వాక్యంగా పెట్టాం.

ఆ పిల్లకు పని దొరుకుతుందో లేదో నాకు తెలియదు. ఈ రోజుల్లో ఎవరికి దొరుకుతోంది గనక. కానీ ఆమె తరఫున చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉంది. ఆ రోజు మా బాపు పక్కన ఉన్నది నేను. ఆయనకేం వచ్చో నాకు తెలుసు. నేను చెప్పలేదు.