సిరాతో దిద్దిన నెంబరు

తిరుత్తణి పక్కన ఒక చిన్న ఆసుపత్రిలో రికార్డు కోసం పుస్తకం చూసి ఒక్కో రోగానికి దాని నెంబరు వేసే గుమాస్తా ఆరోగ్యమేరి. డాక్టరు చీటీ చూసి ముందు పెన్సిలుతోనే వేసేది. రోగిని చూసొచ్చాకే సిరాతో దిద్దేది. 1957లో ఒక ఉదయం బండి తోలే మునెయ్య చీటీలో 'కండ వాపు' అని ఉంది. కాడి తగిలిన అతని జబ్బను మేరి వేలితో నొక్కితే లోపల గులకరాయిలా తగిలింది. కండలో సున్నం పేరుకుంటే ఆమె పుస్తకంలో నెంబరే వేరు. అప్పటికే ఆయా చెంగమ్మ మర్దనకు నూనె కాచి తెచ్చింది.

"రుద్దొద్దు చెంగమ్మా. ఎక్స్‌రే చూడకుండా నేను నెంబరు ఎయ్యను."

"రుద్దితే తగ్గిపోతాదని డాక్టరయ్య చెప్పినాడు గదక్కా."

మేరి కదల్లేదు. డాక్టరు విసుక్కుంటూనే ఫిల్ము తీయించాడు. కండ నడుమ సున్నం తెల్లగా గడ్డకట్టి ఉంది. రుద్ది ఉంటే ఇంకా పెరిగేది. ఆయన చీటీలో 'కండ వాపు' కొట్టేసి మళ్ళీ రాశాడు. మేరి మంచం పక్కనే నిలబడి కొత్త నెంబరు సిరాతో దిద్ది, ఆరేదాకా ఊది, వెళ్తూ వెళ్తూ నూనె గిన్నె కూడా పట్టుకుపోయింది.